పోటీ కమిషన్ జాగు చేస్తే కంట్రోళ్లే గతి

ఉప్పల్ చౌరస్తా దాటి వరంగల్ రోడ్డు పట్టిన పత్తి వర్తకునితో ‘సి.సి.ఐ.’ అంటే ఆయనకు స్ఫురించేది ఒక్కటే. అది మద్దతు ధరకు పత్తి కొనే భారత పత్తి సంస్థ. అవే మూడు అక్షరాలతో ఢిల్లీలో మరొక సంస్థ ఉన్నది. పత్తి సంస్థ బేళ్లు కొంటుంది. రెండవది చిట్టా ఆవర్జాలు తెరిపిస్తుంది. అది భారత పోటీ కమిషన్. ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లోని ఏ గేటయినా దాటి లోపలికి రాగల అధికారం దానికి ఉన్నది. ఆ అధికారం వర్తకులకు శత్రువా, మిత్రమా అన్న ప్రశ్నకు ‘అది వచ్చే వేళను బట్టి’ అన్నదే సరైన సమాధానం. సకాలంలో వస్తే మిత్రమే. జాగు చేస్తే దాని వెనుకనే ధరల కంట్రోలు, నిల్వల పరిమితి వస్తాయి. గత ఇరవై ఏళ్ల అనుభవం చెబుతున్నది ఇదే.

1969 నాటి చట్టం కింద ఏర్పడిన గుత్త సంస్థల, నిర్బంధ వాణిజ్య పద్ధతుల కమిషన్‌ను పాత వర్తకులు ఎం.ఆర్.టి.పి. కమిషన్ అనే పేరుతో ఎరుగుదురు. ‘ఈ పద్ధతి మానుకోండి’ అని ఉత్తర్వు ఇవ్వడమే దాని ప్రధాన ఆయుధం. చేసిన తప్పుకు జరిమానా వేసే శక్తి దానికి లేదు. అందుకే దానిని కోరలు లేని పులి అన్నారు. 2002లో పోటీ చట్టం వచ్చింది. కుమ్మక్కులకు, ఆధిపత్య దుర్వినియోగానికి సంబంధించిన దాని ముఖ్య నిబంధనలు 2009 మే 20 నుంచి అమలులోకి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 1న పాత చట్టం రద్దయింది.

కొత్త కమిషన్‌కు కోరలు లేవని ఎవరూ అనలేరు. ఫిర్యాదు లేకున్నా తనంత తానుగా విచారణ మొదలుపెట్టవచ్చు. సివిల్ కోర్టు వలె మనుషులను పిలిపించి, ప్రమాణం చేయించి, పత్రాలు తెప్పించుకోవచ్చు. దాని దర్యాప్తు విభాగానికి అధిపతి అయిన డైరెక్టర్ జనరల్, మేజిస్ట్రేటు అనుమతితో సోదా చేసి ఖాతా పుస్తకాలు, కంప్యూటర్లు స్వాధీనం చేసుకోవచ్చు. పిలిచినపుడు రాకున్నా, అడిగిన కాగితం ఇవ్వకున్నా రోజుకు రూ.1 లక్ష వరకు జరిమానా పడవచ్చు. ధరల కుమ్మక్కు రుజువైతే, అది సాగిన ఒక్కొక్క ఏడాదికి లాభానికి 3 రెట్లు గాని, టర్నోవరులో 10 శాతం గాని, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయవచ్చు. సంస్థ వ్యవహారాలు చూసే బాధ్యులకు విడిగా శిక్ష ఉంటుంది. మొదటి దశలో, అనగా దర్యాప్తుకు ఆదేశించే సమయంలో, ఎదుటి పక్షాన్ని తప్పక విని తీరాలన్న నియమం కూడా లేదని సుప్రీంకోర్టు 2010లో స్టీల్ అథారిటీ కేసులో స్పష్టం చేసింది.

ఇంతటి అధికారం ఉండి కూడా పని సకాలంలో జరగలేదనడానికి పత్తి విత్తనాల కథే సాక్ష్యం. ఇది తెలుగు గడ్డ మీద పుట్టిన కేసు.

బిటి పత్తికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ జన్యు లక్షణాన్ని విత్తన కంపెనీలకు ఇచ్చేది ఒక్కటే సంస్థ, మహికో మోన్‌శాంటో. 450 గ్రాముల ప్యాకెట్టు మీద ‘ట్రెయిట్ వాల్యూ’ పేరిట అది రూ.1,250 వరకు రాబట్టుకునేది. ఈ రుసుము అన్యాయమని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006 ఆరంభంలో ఎం.ఆర్.టి.పి. కమిషన్ గడప తొక్కింది. అదే ఏడాది మే 11న కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, రుసుమును సమంజసమైన స్థాయికి తగ్గించమన్నది. కంపెనీ సుప్రీంకోర్టుకు వెళ్లినా స్టే దొరకలేదు. ఆ ఖరీఫ్‌కే రాష్ట్ర ప్రభుత్వం ప్యాకెట్టు ధరను రూ.750గా నిర్ణయించింది. తొలకరికి ముందే ఉత్తర్వు వచ్చింది గనుక, ఆ సీజనులోనే రైతుకు ఫలితం దక్కింది. కోరలు లేని పులి చేసిన పని ఇది. 1984 సవరణతో వచ్చిన తాత్కాలిక నిషేధాజ్ఞ అధికారమొక్కటే దాని చేతిలో ఉన్న బలం.

పదేళ్లు గడిచాయి. అదే తగవు కొత్త కమిషన్ ముందుకు వచ్చింది. ఈసారి ఫిర్యాదు చేసినవారిలో కేంద్ర వ్యవసాయ శాఖ ఉన్నది, హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్ ఉన్నది. ఆధిపత్య దుర్వినియోగం జరిగినట్లు ప్రాథమికంగా కనిపిస్తున్నదని 2016 ఫిబ్రవరి 10న కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. పేటెంటు ఉన్న వస్తువు విషయంలో పోటీ కమిషన్‌కు అధికారం ఉన్నదా, లేక అది పేటెంటు చట్టం చూసుకోవలసిన సంగతా అన్నది వాదన. 2020 మేలో ఒక న్యాయమూర్తి కమిషన్ పక్షాన తీర్పు చెప్పారు. 2023 జూలై 13న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, పేటెంటు చట్టమే ప్రత్యేక చట్టం గనుక దానిదే పైచేయి అని తేల్చి, కమిషన్ చర్యను కొట్టివేసింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కమిషన్ అప్పీలును తోసిపుచ్చింది. రుసుము న్యాయమా, అన్యాయమా అన్న అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు. అడిగే అధికారం ఎవరిది అన్న ప్రశ్న మీదనే తొమ్మిదేళ్లు హరించుకుపోయాయి.

ఈలోగా విత్తనం ధర ఊరుకున్నదా? లేదు. 2015 డిసెంబరులో కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద పత్తి విత్తనాల ధరల కంట్రోలు ఉత్తర్వు తెచ్చింది. 2016 మార్చిలో బోల్‌గార్డ్-2 ప్యాకెట్టు గరిష్ఠ ధర రూ.800, అందులో ట్రెయిట్ రుసుము రూ.49 అని నిర్ణయించింది. 2020 నాటికి ఆ రుసుము పూర్తిగా పోయింది. అంటే గుత్తాధిపత్యం మీద వచ్చిన ఫిర్యాదును చివరకు పరిష్కరించింది పోటీ చట్టం కాదు, పాత కంట్రోలు చట్టం.

రైతుకు ధర తగ్గింది గదా, ఏ చట్టమైతేనేమి అని అనవచ్చు. వర్తకులు మాత్రం అలా అనుకోవడానికి వీలులేదు. పోటీ చట్టం తప్పు చేసిన ఒక్క సంస్థను పట్టుకుంటుంది. కంట్రోలు ఉత్తర్వు తప్పొప్పుల విచక్షణ లేకుండా తయారీదారు నుంచి మండల కేంద్రంలోని దుకాణదారు వరకు అందరినీ ఒకే తాడుతో కడుతుంది. పోటీ చట్టం కింద వినికిడి ఉన్నది, అప్పీలు ఉన్నది. కంట్రోలు కింద తనిఖీ, జప్తు, కేసు ముందు వస్తాయి. న్యాయం తరువాత వస్తుంది. 2023 జూన్‌లో కందులు, మినుములు, గోధుమల మీద కేంద్రం నిల్వల పరిమితులు విధించినపుడు ఇదే జరిగింది. తేజీకి కారకులైన వారికీ, రెండు లారీల సరుకు పెట్టుకున్న అడితిదారుకూ నిబంధన ఒక్కటే అయింది. మార్కెట్లో ఎవరు ఎవరితో కుమ్మక్కయ్యారో తేల్చగల సంస్థ సకాలంలో తేల్చనపుడు, ప్రభుత్వం చేతికి అందిన మోటు కర్రనే ఎత్తుతుంది. ఆ దెబ్బ గుత్తదారు కంటె ముందు చిల్లర వర్తకునికి తగులుతుంది.

సిమెంటు సంగతి చూస్తే జాగు మరింత బోధపడుతుంది. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు నగరం పెరుగుతున్న కొద్దీ ఈ తూర్పు వీధుల్లో సిమెంటు డీలరుకు, చిన్న బిల్డరుకు బస్తా ధరే ప్రాణం. 2010లో భారత బిల్డర్ల సంఘం ఫిర్యాదు చేసింది. 2012 జూన్ 20న కమిషన్ 11 సిమెంటు కంపెనీల మీద, వాటి సంఘం మీద మొత్తం రూ.6,000 కోట్లు దాటిన జరిమానా విధించింది. కడప, నల్లగొండ, కృష్ణా జిల్లాల సున్నపురాతి నేలలో కర్మాగారాలు నడిపిన ఇండియా సిమెంట్స్, మద్రాస్ సిమెంట్స్ అందులో ఉన్నాయి. వాదన వినని అధ్యక్షుడు ఉత్తర్వు మీద సంతకం చేశారన్న కారణంతో 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ దానిని రద్దు చేసింది. 2016 ఆగస్టు 31న కమిషన్ మళ్లీ విని, రూ.6,700 కోట్ల మేరకు మళ్లీ జరిమానా వేసింది. 2018 జూలై 25న జాతీయ కంపెనీ చట్ట అప్పీలు ట్రిబ్యునల్ దానిని ఖాయపరచింది. అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీళ్లను స్వీకరించి, 10 శాతం డిపాజిట్ షరతు మీద తక్కిన వసూలును ఆపింది. ఫిర్యాదు నుంచి లెక్కిస్తే అప్పటికే ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో ఇల్లు కట్టుకున్నవాడు ఇచ్చిన ధర ఇచ్చినట్లే పోయింది.

కమిషన్ ఎప్పుడూ ఇంత నెమ్మదిగానే నడుస్తుందని కాదు. నెల్లూరు ప్రాంతంలో పుట్టి పెరిగిన నిప్పో బ్యాటరీల విషయం గమనార్హం. టార్చిలైట్లలో, గోడ గడియారాలలో వాడే సెల్స్ ధరల మీద ఎవరెడీ, పానాసోనిక్, నిప్పో సంస్థలు ఒక మాట మీద నడిచాయన్న కేసులో 2016 ఆగస్టులో సోదాలు జరిగాయి. 2018 ఏప్రిల్ 19న తీర్పు వచ్చింది. ఎవరెడీకి రూ.171.55 కోట్లు, నిప్పో తయారీదారైన ఇండో నేషనల్‌కు రూ.42.26 కోట్లు జరిమానా పడింది. అందరికంటె ముందు వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పిన పానాసోనిక్‌కు పూర్తి మినహాయింపు దక్కింది. ఇరవై నెలల్లో పని ముగిసింది. రింగులో ఉన్నవాడే సాక్షి అయితే విచారణ ఎంత త్వరగా నడుస్తుందో దీనిని బట్టి తెలుసుకోవచ్చు. రింగు కట్టేవారు ఇక తోటివాని నోటిని నమ్మడానికి వీలులేని రోజులివి.

ఇక్కడనే ఉప్పల్, నాచారం వాడలకు సంబంధించిన రెండవ ముఖం కనిపిస్తుంది. రాగి సరుకు తయారీ మొదలు మందుల పరిశోధన వరకు ఈ వాడలలో ఉన్నది. పెద్ద కర్మాగారాలకూ, ప్రభుత్వ సంస్థలకూ సరుకు వేసే చిన్న యూనిట్లు ముడి సరుకు కొనేటపుడు బాధితులు. టెండరు వేసేటపుడు వారే నిందితులు కావచ్చు. ‘ఈసారి నీవు తక్కువ వెయ్యి, వచ్చేసారి నేను’ అన్న మాట టీకొట్టు దగ్గర అనుకున్నా చట్టం దృష్టిలో అది కుమ్మక్కే. కాగితం మీద సంతకం ఉండనక్కరలేదు.

గోదాముల్లో ధాన్యం బస్తాలకు పొగపెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వర్తకులందరికీ తెలిసినవే. 2009 మేలో భారత ఆహార సంస్థ పిలిచిన టెండరుకు మూడు కంపెనీలు కిలో రూ.388 అని ఒకే ధర వేశాయి. ఆహార సంస్థ ఫిర్యాదు మీద 2012లో కమిషన్ వాటి మొత్తం టర్నోవరులో 9 శాతం జరిమానా వేసింది. ఎక్సెల్ క్రాప్ కేర్ అనే సంస్థకు అది రూ.63.90 కోట్లయింది. కుమ్మక్కు జరిగిన సరుకు టర్నోవరు మీదనే లెక్కించాలని ట్రిబ్యునల్ అనగా, ఆ మొత్తం రూ.2.91 కోట్లకు దిగింది. 2017 మే 8న సుప్రీంకోర్టు తప్పు రుజువైనదనీ, లెక్క మాత్రం సంబంధిత సరుకుకే పరిమితమనీ తీర్పు చెప్పింది. పది రకాల సరుకు చేసే చిన్న యూనిట్లకు ఇది పెద్ద ఊరట.

ఆ ఊరట పూర్తిగా నిలవలేదు. 2023లో చట్టాన్ని సవరించి, టర్నోవరు అంటే అన్ని సరుకులు, సేవల మీద ప్రపంచమంతటా వచ్చిన టర్నోవరు అని అర్థం మార్చారు. 2024 మార్చి నుంచి ఇది అమలులో ఉన్నది. సంబంధిత సరుకు టర్నోవరులో 30 శాతం వరకు మొదట లెక్కగట్టి, మొత్తం టర్నోవరులో 10 శాతం గరిష్ఠ హద్దు దాటకుండా చూడాలని కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ లెక్క తేలని చోట మొత్తం టర్నోవరునే తీసుకోవచ్చు. అప్పీలుకు వెళ్లాలంటే జరిమానాలో 25 శాతం ముందుగా కట్టాలి. పెద్ద కంపెనీకి అది వకీలు ఖర్చు వంటిది. బ్యాంకు రుణం మీద నడిచే నాచారం యూనిట్‌కు మాత్రం షట్టరు దించే మాట. రాజీ మార్గాన్ని కూడా ఆ సవరణ తెచ్చింది గాని, ధరల కుమ్మక్కు కేసులకు అది వర్తించదు.

ఒకే ధర వేసినంత మాత్రాన దోషులు కారన్న సంగతి కూడా చిన్న యూనిట్లు ఎరిగి ఉండాలి. ఇండియన్ ఆయిల్ 2010-11 గ్యాసు సిలిండర్ల టెండరులో నలభైకి పైగా తయారీదారులకు పడిన జరిమానాను 2018 అక్టోబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొనేవారు మూడు చమురు సంస్థలే, ధరను ఆచరణలో నడిపేది కొనేవారే, తక్కువ ధర వేసిన వానితో పాటు తక్కిన వారికీ అదే ధరకు ఆర్డర్లు పంచే పద్ధతి ఉన్నది. అటువంటి మార్కెట్లో ధరలు దగ్గర దగ్గరగా ఉండడం సహజమని కోర్టు గ్రహించింది. తీర్పు చిన్న తయారీదారులకు అనుకూలంగానే వచ్చింది. కాని 2012లో పడిన జరిమానా మచ్చ ఆరేళ్ల పాటు వారి పుస్తకాల మీద ఉన్నది. తప్పు చేసినవానికి జాగు లాభం; తప్పు చేయనివానికి జాగే శిక్ష.

త్వరపడితే అన్యాయం జరుగుతుందని కొందరి వాదన. సిమెంటు కేసులో వినికిడి సక్రమంగా లేకనే కదా మొదటి ఉత్తర్వు కూలిందని వారు గుర్తుచేస్తారు. ఆ మాటలో నిజం ఉన్నది. కాని ఆ ఉత్తర్వు కూలినది తొందర వలన కాదు, వినని వ్యక్తి సంతకం చేసిన అశ్రద్ధ వలన. సక్రమంగా వినడానికీ, సంవత్సరాల తరబడి వినడానికీ తేడా ఉన్నది.

మందు చట్టంలోనే ఉన్నది. విచారణ సాగుతుండగానే తాత్కాలికంగా ఒక పద్ధతిని ఆపించే అధికారం 33వ సెక్షను కమిషన్‌కు ఇస్తున్నది. 2006లో పాత కమిషన్ పత్తి రైతుకు చేసిన మేలు ఇటువంటి అధికారంతోనే. కొత్త కమిషన్ దీనిని అరుదుగా బయటికి తీస్తున్నది. విత్తనాలు, ఎరువులు, పప్పుధాన్యాల వంటి సీజను సరుకుల విషయంలో మధ్యంతర అర్జీని ఇన్ని రోజులలో తేల్చాలని గడువు పెట్టడం మొదటి పని. ఆ గడువు సీజనుకు లోబడి ఉండాలి. పేటెంటు చట్టానికీ పోటీ చట్టానికీ మధ్య హద్దురాయి పార్లమెంటు పాతాలి. దానిని కోర్టులకు వదిలితే మరొక తొమ్మిదేళ్లు పోతాయి. చిన్న యూనిట్లు నిందితులైన కేసులలో సంబంధిత సరుకు టర్నోవరుకే జరిమానాను పరిమితం చేయాలి. వాటి వాదనను ఢిల్లీకి పిలిపించకుండా హైదరాబాదులో వినే ఏర్పాటు చేయాలి.

వర్తక సంఘాల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. సమావేశంలో పన్నులు, రవాణా, తూకాలు మాట్లాడుకోవచ్చు; ధర మాట్లాడరాదు. అన్యాయం జరిగిందనుకున్న డీలరు గొణుగుతూ కూర్చుంటే లాభం లేదు. కారణం పుట్టిన నాటి నుంచి 3 ఏళ్లు దాటితే ఫిర్యాదుకు కాలదోషం పడుతుందని 2023 సవరణ చెబుతున్నది. కొటేషన్లు, ఉత్తరాలు, సర్క్యులర్లు భద్రపరచుకున్నవాని మాటకే కమిషన్ దగ్గర విలువ.

కంట్రోళ్లు వద్దని మూడు తరాలుగా వర్తకులు కోరుతున్నారు. కంట్రోళ్లు రాకుండా కాపాడగలిగేది సకాలంలో పనిచేసే పోటీ కమిషన్ ఒక్కటే. దాని అధికారాలను తగ్గించమని అడగడం కంటె, వాటిని సీజను దాటకముందే వాడమని అడగడం ఉప్పల్ వర్తకునికీ, నాచారం తయారీదారుకూ ఎక్కువ లాభం.